దారి బాగుంది

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ పడవల షెడ్డులో ఒక్కరూ లేరు. అందరికీ కంగారు మామయ్యే. మామయ్య ఎలా అయ్యారంటే, అక్కడ బండి నడిపే అమ్మాయి బుజ్జి ఆయనకు స్వయానా అక్క కూతురు. ఆమె రోజంతా మామయ్యా మామయ్యా అని పిలుస్తుంటే విని, వెల్డరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ అదే వరస కలిపేసుకున్నారు. ఇక కంగారు సంగతంటారా, ఆయన పక్కన కాసేపు నిలబడితే మీకే తెలుస్తుంది.

తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూసేవారు. అంతగా లాగినందుకు తాళం వదులైందేమోనని ఐదోసారి లాగేవారు. వీధి చివరిదాకా వెళ్ళి, స్టవ్ ఆర్పామో లేదోనని వెనక్కి వచ్చేవారు. "మొదటిసారి మేమిద్దరం టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఈయన నా మొహమే చూడలేదు. నా కుర్చీ కాలు ఊగుతోందని దాన్నే చూస్తూ కూర్చున్నారు" అని ఆయన భార్య ఇప్పటికీ అందరికీ చెబుతుంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు అని ఆయన సమర్థించుకుంటారు. "మీరు కీడెంచేసరికే పొద్దు గూకుతోంది, ఇంక మేలెంచేదెప్పుడు?" అంటుంది ఆవిడ.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది కానీ, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కుర్రతనంలో ఆయన రేవు దాటించే పడవ మీద పనిచేశారు. ఒకరోజు పట్టపగలు, గాలి లేదు, అల లేదు, నీళ్ళు చూసినవాళ్ళు సరేనన్నారు కూడా, సగం మునిగి తేలుతున్న దుంగ ఒకటి పడవ అడుగుని చీల్చేసింది. జనమంతా ఒడ్డెక్కారు. ముందు నిలబడి తాడు పట్టుకున్న ఆయన స్నేహితుడు ఎక్కలేదు. అప్పటినుంచి కదలకుండా ఉన్న నీళ్ళని ఆయన నమ్మరు. మరి అంత భయమున్న మనిషి ఆ నీళ్ళ మీదే బతుకంతా ఎందుకు గడిపారయ్యా అంటే, తను తప్పుకుంటే ఇంకెవరూ సరిగ్గా భయపడరని ఆయన గట్టి నమ్మకం.

షెడ్డులో తయారయ్యేదాన్ని అందరూ బండి అనే అంటారు. చూస్తే పడవకి పొట్టి రెక్కలు తగిలించినట్టుంటుంది. విమానంలా పైపైకి పోదు, పడవలా నీళ్ళలో ఈదదు. నీళ్ళకి మనిషెత్తున, రెక్కకీ నీటికీ మధ్య నలిగిన గాలినే పరుపు చేసుకుని దాని మీద జారిపోతుంది. ఒకసారి లేచిందంటే ఇంధనం తక్కువ, వేగం ఎక్కువ. దూరాన ఉన్న దీవులకి మనుషుల్నీ మందుల్నీ ఒక్క పూటలో చేర్చి వచ్చేయొచ్చు. చిక్కంతా ఆ లేవడంలోనే ఉంది. వంటింట్లో తడి గట్టు మీద తడి పళ్ళెం పెట్టి లాగి చూడండి, గట్టు పళ్ళేన్ని ఓ పట్టాన వదలదు. నీళ్ళు కూడా బండి అడుగుని అలాగే పట్టుకుంటాయి. గాల్లో పోవడానికి అక్కర్లేని బలమంతా ఆ పట్టు విడిపించుకోడానికే కావాలి.

ఆ పట్టుతో ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్న మనిషి డిజైనరమ్మ. జుట్టులో పెన్సిలు గుచ్చుకుని, దాని కోసం బల్లంతా వెతుక్కునే రకం. బండి ముక్కు దగ్గర పంకాలు పెట్టించి రెక్కల కిందికి గాలి కొట్టించింది. రెక్కల వెనక అంచులు మార్పించింది. బండి లేచేది, కానీ నీళ్ళ మీద గుర్తుగా తేలే ఎర్ర బోయా దాటి, పరుగు దారి చివరనున్న రాతికట్ట దగ్గరపడ్డాక గానీ లేచేది కాదు. ఆఖరికి బండి అడుగున నట్టనడుమ ఒక మెట్టు కట్టించింది. ఆ మెట్టు దగ్గరకొచ్చేసరికి నీళ్ళు అడుగుని వదిలేయాలని ఆమె లెక్క. లెక్క ఫలించింది. మెట్టు పెట్టాక మొదటి పరుగులోనే బండి ఎర్ర బోయాకి ఇవతలే లేచింది. ఆ సంతోషంలో ఆమె ఫైబరు పూత వేసే మేస్త్రి చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. అతని చేతులనిండా జిగురుందని తర్వాత గానీ చూసుకోలేదు.

అయితే అదే రోజు ఇంకో సంగతి కూడా జరిగింది. పాత డ్రైవరు మోకాళ్ళ నొప్పులతో మానేశాడు, బుజ్జి తొలిసారి ఆ సీట్లో కూర్చుంది. అంతవరకు మామయ్య నడిపే కాపలా లాంచీ పని బండి వెనకే ఉండడం, ఏదైనా జరిగితే పరుగెత్తడం. కానీ ఇప్పుడు సీట్లో ఉన్నది బుజ్జి. ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క డ్యూటీల మధ్య, ఆ పిల్ల పెరిగింది మామయ్య భుజం మీదే. ఆయన వెనక ఉంటారా? లాంచీని బండికి ముందుకు తీసుకెళ్ళి, అది పరుగెత్తబోయే దారంతా కుడికీ ఎడమకీ మెలికలు తిప్పుతూ, దుంగలున్నాయేమో, తెగిన వలలున్నాయేమో వెతుక్కుంటూ వెళ్ళి, చివర పక్కకి తప్పుకుని వాకీటాకీలో "దారి బాగుంది" అన్నారు. ఆ మాట చెవిన పడగానే బుజ్జి ఇంజన్లకు పూర్తి ఊపు ఇచ్చింది. ఆ తర్వాత ప్రతి పరుగుకీ అదే వరస. ఆయన్ని వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ అనలేదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? నడిపేదానికే లేదు భయం" అని భార్య నవ్వేది.

తనిఖీ రోజు వచ్చింది. ఆ తనిఖీలో నెగ్గితేనే బండి మనుషుల్ని ఎక్కించుకోవచ్చు, బుజ్జి దీవుల దారిలో దాన్ని రోజూ నడపొచ్చు. మామయ్య లేస్తూనే కిటికీలోంచి నీళ్ళవైపు చూశారు. ఒక్క ముడత లేకుండా అద్దంలా ఉన్నాయి. షెడ్డులో అందరూ ఎంత మంచి రోజో అనుకున్నారు. ఆయన మాత్రం టీ పక్కన పెట్టేసి మళ్ళీ నీళ్ళనే చూస్తూ నిలబడ్డారు.

బండి దారిలో ఇంకే పడవా ఉండకూడదని తనిఖీవాళ్ళ షరతు. దారంతా వాళ్ళ పడవే ముందుగా చూసొచ్చి, నీళ్ళు సద్దుమణిగేదాకా ఆగింది. లాంచీ రేవు మెట్ల దగ్గరే కట్టేసి ఉండాలి.

"నేనొక్కసారి అలా వెళ్ళి..." అని మామయ్య నోరు తెరిచారు.

"చూసేశాం కదండీ" అన్నాడు తనిఖీ అధికారి, విసుగు దాచుకోకుండా.

చేసేదిలేక వాకీటాకీలో "వాళ్ళు చూశారటమ్మా" అని గొణిగారు. బుజ్జి బయల్దేరింది. పంకాలు హోరెత్తాయి, బండి ముక్కెత్తింది, వెనక తెల్లగా నురుగు లేచింది. అంతా రోజూలాగే ఉంది. కానీ బండి నీళ్ళని వదల్లేదు. ఎర్ర బోయా వచ్చింది, వెళ్ళిపోయింది. అడుగు నీళ్ళకి అతుక్కునే ఉంది. రాతికట్ట మీద కూర్చున్న కొంగలు ఒక్కసారిగా లేచిపోయాయి. "ఆపవే తల్లీ, ఆపు!" అని మామయ్య అరుస్తున్నారు గానీ వాకీటాకీ మీట నొక్కాలని ఆయనకి తోచలేదు. చివరి క్షణంలో బుజ్జి ఇంజన్లు ఆపి బండిని పక్కకి తిప్పింది. ఒక రెక్క కొస నీళ్ళలో మునిగి లేచింది. బండి ఆగేసరికి దానికీ రాళ్ళకీ మధ్య లాంచీ పట్టేటంత చోటు కూడా లేదు.

తనిఖీవాళ్ళు మర్యాదస్తులే, కోప్పడలేదు. వచ్చే వారం మళ్ళీ వస్తామన్నారు. "ఈసారీ లేవకపోతే దీన్ని పడవ కిందే లెక్కేసుకుంటాం" అని మాత్రం అన్నారు.

ఆ సాయంత్రం బుజ్జి మామయ్య వంటింట్లో కూర్చుని రొట్టె తింటూ, ఏదో మామూలు కబురులా చెప్పింది.

"ఇవాళ సీటు కింద చప్పుడే లేదు మామయ్యా."

"ఏం చప్పుడు?"

"రోజూ లేచేముందు అడుగున టకటకా కొడుతుందిగా. నీ లాంచీ లేపిన అలల మీద. అలా కొట్టీ కొట్టీ ఒక్కసారిగా వదిలేస్తుంది. ఇవాళ జిగట్లో పడ్డట్టుంది."

ఆమె రొట్టె తినేసి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మామయ్య కడుగుతున్న గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. తన లాంచీ మెలికలు, ఆ మెలికల వెనక లేచే అలలు, వాటి మీద టకటకా కొట్టుకుంటూ లేచే బండి ఒకదాని వెనక ఒకటి ఆయన కళ్ళముందుకొచ్చాయి. బండిని ఇన్నాళ్ళూ లేపింది మెట్టు కాదు. కాకి వాలింది, తాటిపండు పడింది. అందరూ కాకిని చూసి చప్పట్లు కొట్టారు.

మింగలేక కక్కలేక మర్నాడంతా తిరిగారు. చివరికి మేస్త్రితో చెప్పుకున్నారు. వాళ్ళిద్దరూ కుర్రతనం నుంచీ స్నేహితులు. ఫైబరు ముక్కకి నునుపు పెడుతున్న మేస్త్రి అంతా విని, ముక్కుకున్న గుడ్డ కిందికి లాక్కున్నాడు.

"ఇంత చిన్నదానికి ఏడుస్తావేంట్రా? వచ్చే వారం నీ లాంచీ తాడు పొరపాటున ఊడుతుంది. నువ్వు కంగారుపడి అటొక మెలిక తిప్పుతావు. నువ్వు కంగారుపడితే ఎవడికైనా అనుమానం వస్తుందా? అనుమతి కాయితం చేతికొస్తుంది. షెడ్డు నిలబడుతుంది. ఆ మెట్టు సంగతి మనం మెల్లగా చూసుకుందాం."

మేస్త్రి చెడ్డవాడు కాదు. షెడ్డు మూతపడితే రోడ్డున పడేవాళ్ళలో అతనూ ఒకడు. మామయ్య ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నారు. బండి లేవకపోతే ఎలా అని ఒక భయం. బుజ్జి చిన్నప్పటినుంచీ కోరుకున్న సీటు పోతుంది, డిజైనరమ్మ ముఖం ఎలా చూడాలి. లేస్తే ఎలా అని దాన్ని మించిన భయం. కాయితం వచ్చాక రోజూ దీవులకి పోవాలి. ఆ దారిలో ముందు లాంచీ ఉండదు. వెనక సీట్లలో పిల్లాపాపలుంటారు. ఏదో ఒక రోజు నీళ్ళు అద్దంలా పరుచుకుని ఉంటాయి, ఆ దీవి రేవులో కూడా ఎక్కడో ఒక రాతికట్ట ఉంటుంది. బుజ్జి చేతులు ప్రతిసారీ సమయానికి తిప్పగలవా?

ఆ భయాలన్నీ ఆయన పైకే చెప్పుకుంటుంటే భార్య తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఈసారి నవ్వలేదు.

"ఇన్నాళ్ళూ మీ భయాన్ని వేళాకోళం చేశాను. దుంగలకి భయపడ్డారు, తాళాలకి భయపడ్డారు. ఈ ఒక్కసారి సరైనదానికి భయపడండి" అంది.

పొద్దున్నే వెళ్ళి డిజైనరమ్మ బల్ల ముందు నిలబడ్డారు. చెప్పడం కూడా ఆయనకి చేతకాలేదు. పాత పడవతో మొదలుపెట్టి, దుంగ దగ్గరికి వచ్చి, బుజ్జి చిన్నప్పటి జ్వరాల మీదుగా తిరిగి, ఎప్పటికో అలల దగ్గరికి వచ్చారు. ఆమె మధ్యలో ఒకసారి వాచీ చూసుకుంది. అలల మాట రాగానే చూడడం మానేసింది.

"అంటే నేనింతకాలం మెచ్చుకున్నది మీ లాంచీనన్నమాట. నా మెట్టుని కాదు" అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. కోపమూ ఉంది. "ముందుకెందుకు వెళ్ళారండీ? మిమ్మల్నెవరు వెళ్ళమన్నారు?"

"పిల్ల ఉందమ్మా అందులో" అన్నారు మామయ్య.

నీళ్ళు ఇంకా కదలని ఆ పొద్దుటే ఆమె రెండు పరుగులు తీయించింది. లాంచీ ముందు మెలికలు తిప్పితే బండి లేచింది. లాంచీని పక్కన పెడితే లేవలేదు, బుజ్జి బోయా దగ్గరే ఆపేసింది. డిజైనరమ్మ వెనక్కి వచ్చి, బండిని పైకి ఎత్తించి, దాని కింద వెల్లకిలా పడుకుని మెట్టుని చూస్తూ ఉండిపోయింది. లేచినప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. మెట్టు తప్పు కాదు, మెట్టు చాటుకి గాలి అందకపోవడం తప్పు అంది. అలలుంటే వాటి సందుల్లోంచి గాలి దూరి పట్టు విడిపిస్తుంది. నీళ్ళు చదునుగా ఉంటే దూరడానికి సందేదీ? పళ్ళెం కింద గోరు పెట్టి కొంచెం ఎత్తితే చాలు, గట్టు వదిలేస్తుంది. ఆ గోరు ఇన్నాళ్ళూ లాంచీ పెట్టింది. ఇకమీద బండే పెట్టుకోవాలి. ముందు పంకాలు కొట్టే గాలిలో కొంత మెట్టు చాటుకి పోయేలా రెండు గొట్టాలు దింపాలి.

"దింపాలంటే?" అన్నారు మామయ్య.

"అడుగున చిల్లులు పెట్టాలి."

"పడవకి చిల్లులా!" అని ఆయన వేసిన కేకకి బయట వెల్డరు పని ఆపి లోపలికి తొంగిచూశాడు.

మేస్త్రి కొలతలు గీసి, కోసి, గొట్టాలు దింపి, అంచులకి పూత మీద పూత వేశాడు. మామయ్య ఆ అంచుల్ని రోజూ వేలితో తడిమి చూసేవారు. ఇంతా చేసి పని పూర్తయినప్పటినుంచి ఒకటే గాలి. నీళ్ళు ఎప్పుడు చూసినా గరుకుగా ఉన్నాయి. పరుగు తీసిన ప్రతిసారీ బండి లాంచీ లేకుండానే లేచింది, కానీ ఆ అలల మీద పాత బండి కూడా లేచేదే. అది గొట్టాల గొప్పో గాలి గొప్పో చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు. చదును నీళ్ళు కావాలని మొక్కుకోవాలో, వద్దని మొక్కుకోవాలో మామయ్యకి తెలియలేదు.

తనిఖీ రోజున గాలి ఆగిపోయింది. నీళ్ళు మళ్ళీ అద్దం.

తనిఖీవాళ్ళ పడవ దారంతా చూసి వెనక్కి వచ్చింది. దాని అలలు మెల్లమెల్లగా చదునైపోయాయి. లాంచీ రేవు మెట్ల దగ్గర ఉంది. మామయ్య అందులో నిలబడ్డారు, ఒక చేత్తో వాకీటాకీ, ఇంకో చేత్తో లాంచీ కట్టిన తాడు. ముడి సరిగ్గా ఉందో లేదో అప్పటికి చాలాసార్లు చూశారు. తాడు ఊడిపోతుందేమోనని కాదు, తానే ఊడదీస్తానేమోనని. మెట్ల మీద మేస్త్రి ఆయన వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు.

బండి పరుగు మొదలయ్యే చోట నిలబడి ఉంది. పంకాలు తిరుగుతున్నాయి. కదలడం లేదు.

"ఇంకా ఎందుకు ఆగింది?" అన్నాడు తనిఖీ అధికారి.

"ఆయన మాట కోసం" అంది డిజైనరమ్మ, మామయ్య వైపు చూపించి.

వాకీటాకీ గరగరమంది. "మామయ్యా?"

తన కళ్ళతో చూడని దారిని బాగుందని ఆయన జన్మలో అనలేదు. ఇంకొకళ్ళు చూసి సరేనన్న నీళ్ళలోనే ఆనాడు దుంగ ఉంది.

"బుజ్జీ, నేను చూడలేదమ్మా" అన్నారు. "వాళ్ళు చూశారు. గొట్టాలు మేస్త్రి పెట్టాడు. లెక్క మేడంగారిది. నేనేం చెయ్యలేదు."

"తెలుసు మామయ్యా. అయినా నువ్వే చెప్పు."

ఆయన నీళ్ళ వైపు చూశారు. నున్నగా, నిశ్చలంగా, అడుగున ఏముందో చెప్పని నీళ్ళు. తాడు పట్టుకున్న చెయ్యి పిడికిలి బిగిసింది.

"దారి బాగుంది" అన్నారు.

బండి కదిలింది. ముక్కెత్తింది. నురుగు లేచింది. మామయ్య కళ్ళు మూసుకుందామనుకున్నారు గానీ రెప్పలు పడలేదు. ఎర్ర బోయా దగ్గరపడుతోంది. అడుగు నీళ్ళని రాసుకుంటూనే ఉంది. డిజైనరమ్మ జుట్టులోంచి పెన్సిలు తీసి రెండు చేతులతో పట్టుకుంది, అది విరిగిన చప్పుడు వినిపించింది. బోయా ఇంకా కొంచెం దూరముందనగా బండి కింద నురుగు ఒక్కసారిగా తెగిపోయింది. అడుగుకీ నీళ్ళకీ మధ్యనుంచి అవతలి ఒడ్డు సన్నగా కనిపించింది. తర్వాత ఇంకొంచెం కనిపించింది. బండి రాతికట్టకి చాలా ముందే పక్కకి ఒంగి, నీళ్ళకి మనిషెత్తున జారుతూ సముద్రం వైపు వెళ్ళిపోయింది.

మెట్ల మీద అరుపులు, ఈలలు. డిజైనరమ్మ విరిగిన పెన్సిలు ముక్కలు పట్టుకున్న చేతులతోనే కళ్ళు తుడుచుకుంటోంది. నీళ్ళ మీద మామయ్య మెలికల జాడ లేదు. బండి గీసిన గీత ఒక్కటే, తిన్నగా, బోయా దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. ఆ గీతని చూస్తుంటే ఆయనకి ఏడుపొచ్చింది. సంతోషమే. కానీ అందులో, ఇక ఆ పిల్ల ముందు తను వెళ్ళక్కర్లేదన్న బాధ కూడా కాస్త ఉంది.

మేస్త్రి మెట్లు దిగొచ్చి, తాడు మీద బిగుసుకున్న ఆయన వేళ్ళని ఒక్కొక్కటే విప్పాడు.

"అయిపోయిందిరా. లేచింది. ఇప్పుడైనా ఊపిరి వదులు."

మామయ్య సముద్రం వైపే చూస్తూ ఉన్నారు.

"ఇంకా దిగాలి కదరా" అన్నారు.